బేస్‌బాల్ కార్డు మీది బొమ్మ: ఏది నేర్చుకోదగ్గది, ఏది కాదు



ఆటగాళ్ల బొమ్మలు దాచుకోవడం మన పిల్లలకు కొత్త కాదు. 1980ల చివర బబుల్‌గమ్‌తో పాటు క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి. వాటిని నోటుపుస్తకంలో దాచుకోవడం, ఒకటికి రెండుంటే స్నేహితుడితో మార్చుకోవడం, చివరికి అద్దం ముందు నిలబడి, బొమ్మలో ఉన్నవాడు బ్యాటు ఎలా పట్టుకున్నాడో అలాగే రూళ్లకర్రను పట్టుకుని చూసుకోవడం మీలో చాలామంది చేసిన పనే. అమెరికాలో ఈ అలవాటుకు నూట ముప్ఫై ఏళ్లు దాటాయి. అక్కడి ఆట బేస్‌బాల్. నేర్పేవాళ్లు లేని పల్లెటూరి పిల్లవాడికి అక్కడ చాలాకాలం ఆ చిన్న అట్టముక్కే గురువు.

ఆ గురువును ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈనాటి ప్రసంగ విషయం. గొప్ప ఆటగాడి బొమ్మ కాబట్టి అందులో కనిపించేదంతా మంచి పద్ధతే అయి ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి ఆ బొమ్మల్లో మంచి పద్ధతి ఉంది, చెడ్డ పద్ధతి ఉంది, ఉత్త నటన కూడా ఉంది. మూడింటినీ వేరుచేసి చూడటం తెలియకపోతే పోయేది ఆట ఒక్కటే కాదు, పిల్లవాడి మోచెయ్యి కూడా.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పుకుందాం. మీరు బిళ్లంగోడు అనండి, గూటీబిళ్ల అనండి, చిర్రగోనె అనండి. పక్కింటి కన్నడం పిల్లలు చిన్నిదాండు అంటారు, తమిళ పిల్లలు కిట్టిపుల్ అంటారు, మరాఠీ పిల్లలు విటీదాండు అంటారు. గాలిలోకి లేచినదాన్ని కర్రతో కొట్టడం ఎంత కష్టమో ఆ ఆట ఆడినవాళ్లందరికీ తెలుసు. బేస్‌బాల్‌లో ఉన్న కష్టమూ అదే. బంతి నేలకు తగిలి లేవదు. చేతి నుంచి వదిలింది గాలిలోనే తిన్నగా వస్తుంది. విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. అతను చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల అవతల ఉన్న హోమ్ ప్లేట్ అనే రబ్బరు పలక మీదుగా విసురుతాడు. క్రికెట్‌లో మోచెయ్యి వంచి విసిరితే తప్పు, ఇక్కడ అలా విసరడమే ఆట. బ్యాటు మన క్రికెట్ బ్యాటులా పలకగా ఉండదు, రోకలిలాగా గుండ్రంగా ఉంటుంది. గంటకు 90 మైళ్ల వేగంతో వచ్చే బంతి సెకనులో సుమారు 4 పదోవంతుల కాలంలో బ్యాటరు ముందు ఉంటుంది. కొట్టినవాడు 90 అడుగుల దూరంలోని మొదటి బేస్‌కు పరుగెత్తుతాడు. అలా మూడు బేస్‌లూ చుట్టి తిరిగి హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. బ్యాటరు వెనుక గొంతుకూర్చుని బంతి పట్టేవాడు క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. ఇంత తెలిస్తే మిగతాది అర్థమవుతుంది.

ఈ కార్డుల్లో బాగా పాతవి 1880ల నాటివి, సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చినవి. వాటిలో ఓల్డ్ జడ్జి అనే సిగరెట్ కార్డులు చూస్తే నవ్వు వస్తుంది. అవి మైదానంలో తీసిన ఫోటోలు కావు, స్టూడియోలో తీసినవి. ఆనాటి కెమెరాకు కదిలే మనిషి చిక్కడు. అందుకని బంతిని దారంతో పైనుంచి వేలాడదీసి, ఆటగాణ్ణి చేతులు చాచి దాని కింద నిలబడమన్నారు. కొన్ని కార్డుల్లో ఆ దారం ఇప్పటికీ కనిపిస్తుంది. క్యాచ్ పడుతున్నట్టు నిలబడ్డ మనిషి కళ్లు చూస్తే, పడబోయే బంతిని చూస్తున్నట్టు ఉండదు. పెళ్లి ఫోటోకు నిలబడ్డ పెద్దమనిషిలా ఉంటాడు. ఆ బొమ్మ చూసి క్యాచ్ పట్టడం నేర్చుకుంటే బంతి ముక్కు మీద పడటం ఖాయం.

తరువాతి కాలంలో కెమెరా మెరుగుపడింది గాని, కార్డు మీది నటన మాత్రం చాలా ఏళ్లు పోలేదు. 1952 నుంచి ఈ కార్డులకు పెద్ద పేరు తెచ్చిన టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ వారి ఫోటోలు 1950లలో, 60లలో ఎక్కువగా ఆట జరుగుతుండగా తీసినవి కావు. ఆటల కాలం మొదలవడానికి ముందు జరిగే శిక్షణ శిబిరాల్లోనో, ఆటకు ముందు మైదానం అంచునో ఆటగాణ్ణి నిలబెట్టి తీసినవి. పిచ్చర్ అయితే బంతి విసిరేసినట్టు ముందుకు వంగి చెయ్యి చాచాలి. బ్యాటరు అయితే బ్యాటు భుజం మీద పెట్టుకోవాలి. మైదానంలో బంతి ఆపేవాడైతే మోకాళ్లు వంచి, బంతి లేని గ్లౌజు చూపించాలి. ఆటగాళ్లకు ఇది విసుగు పుట్టించే పని. కొంతమంది దాన్ని వేళాకోళం కూడా చేశారు.

ఇక్కడ ఒకే జట్టుకు చెందిన ఇద్దరి కార్డులు పక్కపక్కన పెట్టి చూద్దాం. మిల్వాకీ బ్రేవ్స్ జట్టు పిచ్చర్ లూ బర్డెట్ కుడిచేతివాటం మనిషి. 1957 వరల్డ్ సిరీస్‌లో ఒక్కడే మూడు ఆటలు గెలిపించాడు. 1959 టాప్స్ కార్డులో ఆయన కుడిచేతికి గ్లౌజు తొడుక్కుని, ఎడమచేత్తో విసరబోతున్నట్టు నిలబడ్డాడు. కేవలం తమాషాకు చేసిన పని. కంపెనీవారు గమనించలేదు, కార్డు అచ్చయి దేశమంతా వెళ్లిపోయింది. అదే జట్టులోని హాంక్ ఆరన్ కూడా కుడిచేతివాటం బ్యాటరే. ఆయన 1957 కార్డులో ఎడమచేతివాటం బ్యాటరులా కనిపిస్తాడు. అది ఆయన చేసిన తమాషా కాదు. అచ్చువేసేవారు ఫోటో నెగటివును తిరగేసి వేశారు. చొక్కా మీద 44 అంకె కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది.

రెండూ తప్పు కార్డులే. కానీ నేర్చుకునే పిల్లవాడి వైపు నుంచి చూస్తే రెండింటికీ చాలా తేడా ఉంది. ఆరన్ ఒళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ తిరగేసిన బొమ్మలో పై చెయ్యి, కింది చెయ్యి, భుజం, తుంటి అన్నీ ఎడమచేతివాటం బ్యాటరుకు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి, ఎందుకంటే కుడివాటానికి సరైనది అద్దంలో ఎడమవాటానికీ సరైనదే. ఎడమచేతివాటం పిల్లవాడు ఆ కార్డును నిశ్చింతగా చూసి నేర్చుకోవచ్చు. బర్డెట్ ఫోటోను తిరగేసి వేయలేదు, ఒళ్లే అలవాటులేని పని నటిస్తోంది. అందువల్ల దాన్ని ఎవరూ అనుకరించకూడదు. ఈ ఒక్క తేడా అర్థమైతే కార్డు చూడటం సగం వచ్చినట్టే.

మరి నటన అవునో కాదో ఎలా గుర్తుపట్టాలి? పాదాల దగ్గర మొదలుపెట్టండి. నిజంగా బంతి కొట్టినవాడి వెనుక కాలి మడమ లేచి, వేళ్ల మీద తిరిగి ఉంటుంది. నటించేవాడి రెండు పాదాలూ నేలకు హాయిగా ఆని ఉంటాయి. నిజంగా విసిరినవాడి వెనుక కాలు గాలిలోకి లేచో, నేల మీద ఈడ్చుకునో వస్తుంది. చొక్కా చూడండి: ఒళ్లు తిరిగినప్పుడు గుడ్డ మెలిపడి తుంటి నుంచి భుజం దాకా ఏటవాలుగా ముడతలు పడుతుంది. దవడ చూడండి: బలం పెట్టినవాడి పళ్లు బిగుసుకుంటాయి, చెంపలు ఉబ్బుతాయి, అందం చెడుతుంది. అందంగా కనిపించే పిచ్చర్‌ను నేనైతే నమ్మను. వెనుక ఖాళీ కుర్చీలు కనిపిస్తే ఇక చెప్పనక్కరలేదు. 1971 నుంచి టాప్స్ వారు మామూలు కార్డుల మీద కూడా ఆట నడుస్తుండగా తీసిన ఫోటోలు వేయడం మొదలుపెట్టారు. పద్ధతి చూడాలనుకునేవారికి అసలు పాఠాలు అక్కడి నుంచే దొరుకుతాయి.

కార్డు ద్వారా ఆట నేర్పాలని నిజంగానే పూనుకున్నవారూ లేకపోలేదు. 1934 నుంచి 1936 వరకు నేషనల్ చికిల్ అనే కంపెనీ డైమండ్ స్టార్స్ పేరుతో వేసిన కార్డుల వెనుక ఆటగాడి లెక్కలతో సరిపెట్టక, ఆట గురించిన చిట్కాలు అచ్చువేసింది. వాటిని ఆస్టిన్ లేక్ అనే బోస్టన్ పత్రికా రచయిత రాశాడు. ముందువైపు రంగుల బొమ్మ, వెనుకవైపు నాలుగు వాక్యాల పాఠం. బొమ్మ చెప్పలేనిది మాట చెబుతుంది గదా. ఆ పద్ధతి కొనసాగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు బ్యాటింగ్ సంగతి. ముందు చేతుల పట్టు. కుడిచేతివాటం బ్యాటరుకు ఎడమచెయ్యి కింద, కుడిచెయ్యి పైన ఉండాలి. రెండు చేతుల మధ్య కణుపులు, అంటే మనం తలుపు తట్టడానికి వాడే కణుపులు, ఒకే వరుసలో ఉండాలి. బ్యాటును అరచేతిలో గట్టిగా నొక్కిపట్టక, వేళ్లలో పట్టాలి. చేతులు తారుమారై, కుడివాటం వాడికి ఎడమచెయ్యి పైకి వస్తే మణికట్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. విచిత్రమేమంటే, ఇందాక చెప్పుకున్న హాంక్ ఆరన్ చిన్నతనంలో అలా తారుమారు పట్టుతోనే కొట్టేవాడు. తరువాత మార్చుకున్నాడు. మార్చుకున్న చేతులతో పెద్ద పోటీల్లో 755 హోమ్ రన్‌లు కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సరు లాంటిది.

తరువాత చూడవలసింది బంతి తగిలే క్షణం. మంచి ఫోటోలో ఆ క్షణాన ముందు కాలు గుంజలా బిగిసి ఉంటుంది. పై చేతి అరచెయ్యి ఆకాశం వైపు, కింది చేతి అరచెయ్యి నేల వైపు ఉంటాయి. తల బంతి వైపు వంగి, గడ్డం వెనుక భుజం దగ్గరకు వస్తుంది. అయితే ఈ క్షణం కార్డుల మీద తక్కువ. తల వంచితే ముఖం కనిపించదు, ముఖం కనిపించకపోతే కార్డు అమ్ముడుపోదు. కొట్టేసిన తరువాత, బ్యాటు మెడ చుట్టూ తిరిగి, ముఖం పైకెత్తి బంతి వైపు చూసే క్షణమే ఎక్కువగా దొరుకుతుంది. ఆ బొమ్మలో మణికట్లు పూర్తిగా మెలిపడి ఉంటాయి. పిల్లవాడు దాన్ని చూసి, కొట్టేటప్పుడే మణికట్టు తిప్పాలి కాబోలు అనుకుంటాడు. తిప్పితే బ్యాటు బంతి పైభాగానికి తగిలి, బంతి నేల మీద దొర్లుతుంది. బొమ్మలో ఉన్నది తప్పు కాదు. అది తరువాతి క్షణం, అంతే.

నిలబడే తీరు విషయంలో కార్డులు మరీ తికమక పెడతాయి. స్టాన్ మ్యూజియల్ అనే మహా బ్యాటరు పిచ్చర్‌కు దాదాపు వీపు చూపించి, మూలనుంచి తొంగిచూస్తున్నట్టు ఒంగి నిలబడేవాడు. ఏ శిక్షకుడైనా అలా నిలబడ్డ పిల్లవాణ్ణి కేకలేస్తాడు. కానీ మ్యూజియల్ తన కాలంలో 3,630 హిట్లు కొట్టాడు. సొంత ఊళ్లో 1,815, బయటి ఊళ్లలో సరిగ్గా 1,815. 1980లో వచ్చిన రికీ హెండర్సన్ మొదటి టాప్స్ కార్డు చూడండి: మనిషి బాగా కుంగి, ముడుచుకుని నిలబడ్డాడు. అందులో యుక్తి ఉంది. బేస్‌బాల్‌లో బంతి బ్యాటరు మోకాళ్లకూ ఛాతీకీ మధ్య, ప్లేట్ మీదుగా వస్తేనే సరైన బంతి. మనిషి కుంగితే ఆ జాగా చిన్నదవుతుంది, పిచ్చర్‌కు గురి దొరకదు. తప్పు బంతులు నాలుగు పడితే బ్యాటరు ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళ్లవచ్చు. హెండర్సన్ అలా 2,190 సార్లు నడిచాడు, బేస్‌కు చేరాక 1,406 సార్లు తరువాతి బేస్ దొంగిలించాడు. వింతగా నిలబడినా ఇద్దరూ బంతి తగిలే క్షణానికి మాత్రం అందరి దగ్గరకే వస్తారు. కాబట్టి నిలబడే తీరు ఆటగాడి సొంతం. తగిలే క్షణమే అందరిదీ. నేర్చుకునేవాడు రెండోదాన్ని పట్టుకోవాలి.

కొన్ని పద్ధతులు వాటి కాలానికి సరైనవి. టై కాబ్ అనే పాతకాలపు ఆటగాడు రెండు చేతుల మధ్య కొన్ని అంగుళాల ఖాళీ వదిలి బ్యాటు పట్టేవాడు. మన కళ్లకు అది పెద్ద తప్పు. కానీ ఆ రోజుల్లో బంతి మెత్తగా ఉండి దూరం పోయేది కాదు. బలంగా బాదడం కన్నా ఖాళీ చూసి నెట్టడం, చివరి క్షణాన బ్యాటు దిశ మార్చడం పనికొచ్చేవి. అలా ఆడిన కాబ్ సగటు 0.366, అంటే ప్రతి వెయ్యి ప్రయత్నాలకు 366 హిట్లు. ఈనాటి గట్టి బంతికి, ఈనాటి వేగానికి ఆ పట్టు నప్పదు.

బొమ్మ నిజంగా నేర్పగలదని చూపించిన మనిషి టెడ్ విలియమ్స్. 1941లో 0.406 సగటు సాధించినవాడు. ఆయన 1970ల మొదట్లో హిట్టింగ్ శాస్త్రం మీద వెలువరించిన పుస్తకంలో ఒక ఫోటో ఉంది. ఆయన పక్కన ప్లేట్ మీద, బంతి రావలసిన జాగా అంతా 77 బంతులతో నింపారు. ఒక్కొక్క బంతి మీద, అక్కడికి వచ్చే బంతులను కొడితే తన సగటు ఎంత ఉంటుందో ఆయన అంచనా వేసి రాశారు. తనకు ఇష్టమైన చోట 0.400, బయటి వైపు కింది మూలలో 0.230. ఎలా నిలబడాలో చెప్పే బొమ్మ కాదది, ఏ బంతి కొట్టాలి, ఏది వదలాలి అని చెప్పే బొమ్మ. అలాంటిది ఒక్క కార్డు మీదనైనా చూసిన గుర్తు నాకు లేదు. డబ్బు లెక్కకు వస్తే 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిన మికీ మాంటిల్ 1952 కార్డు ఉంది. అందులో ఆయన బ్యాటు భుజం మీద పెట్టుకుని దూరంగా చూస్తుంటాడు, అంతే. ఆయన ఎలా కొట్టేవాడో ఆ కార్డు ఒక్క ముక్క చెప్పదు. కొనేవారు చూసేది చేతుల పట్టు కాదు, అట్ట మూలలు నలిగాయా లేదా అని.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, పిచ్చర్ చెయ్యి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళదాం.

పిచ్చర్ ముందు కాలు నేలను తాకిన వెంటనే తీసిన మంచి ఫోటో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మోచెయ్యి భుజం ఎత్తున ఉంటుంది, ముంజెయ్యి మాత్రం వెనక్కి వాలి దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. చెయ్యి విరిగిందా అనిపిస్తుంది. విరగలేదు. ఆ క్షణాన తుంటి, ఛాతీ ముందుకు తిరిగిపోయాయి. బరువైన బంతితో చెయ్యి వెనుకబడింది. తాడు చివర కట్టిన రాయి తాడు కన్నా ఆలస్యంగా వచ్చినట్టు. అంటే చెయ్యి అలా వాలడం ఒంటి తిరుగుడు వల్ల కలిగే ఫలితం. పిచ్చర్ కావాలని చెయ్యిని అక్కడ పెట్టడు.

బొమ్మలో మాత్రం ఫలితమే కనిపిస్తుంది, కారణం కనిపించదు. అందువల్ల పిల్లవాడు ఏం చేస్తాడు? ఒళ్లు తిప్పకుండా, చెయ్యి ఒక్కదాన్నే వెనక్కి వంచి, అక్కడి నుంచి బలం పెట్టి విసురుతాడు. కాళ్లూ తుంటీ మోయవలసిన భారం మోచేతి లోపలివైపు ఉన్న చిన్న నరంలాంటి కట్టు మీద పడుతుంది. డాక్టర్లు దాన్ని లిగమెంట్ అంటారు. ఎదిగే వయసు పిల్లల్లో అక్కడి ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు కూడా. ఆ లిగమెంట్ తెగితే ఒకప్పుడు పిచ్చర్ బతుకు ముగిసినట్టే. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు అది తెగినప్పుడు ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు అతని రెండో చేతి నుంచి స్నాయువు తీసి అతికారు. టామీ జాన్ 1975 అంతా ఆడలేదు, 1976లో తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. ఆయన గెలిచిన 288 ఆటల్లో 164 ఆపరేషన్ తరువాతివే. ఈనాటికీ ఆ ఆపరేషన్‌ను ఆయన పేరుతోనే పిలుస్తారు. అది అందరికీ అంత బాగా కుదరదు. నెలల తరబడి ఓర్పు కావాలి, చాలా డబ్బు కావాలి.

మన దగ్గర దీనికి పోలిక వెతికితే ఫాస్ట్ బౌలర్ల నడుము. 1973లో ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీకి వెన్నెముకలో పగుళ్లు వచ్చాయి. ఆయనే 1987 నుంచి మద్రాసులో ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకు బౌలింగ్ నేర్పారు. తుంటి బ్యాటరుకు ఎదురుగా, భుజాలు పక్కకు తిరిగి ఉండే కలగాపులగపు పద్ధతి నడుమును మెలిపెట్టి ఎముకను పగలగొడుతుందని వైద్యులు చెబుతారు. పోస్టరులో బౌలర్ చెయ్యి ఎంత ఎత్తున ఉందో మన పిల్లలు చూస్తారు. తుంటి ఎటు తిరిగి ఉందో చూడరు. మీ ఇంట్లో పోస్టరు ఉంటే ఒకసారి ఆ రెండో సంగతి చూపించండి.

అలాగని పిచ్చర్ బొమ్మ చూసి, ఇతని చెయ్యి నిలుస్తుంది, ఇతనిది పోతుంది అని జోస్యం చెప్పేవారిని కూడా నమ్మవద్దు. 2001లో చికాగో కబ్స్ జట్టు తీసుకున్న మార్క్ ప్రయర్ పద్ధతి నిర్దోషమని చాలామంది పొగిడారు. 2003లో 18 ఆటలు గెలిచాడు. తరువాత దెబ్బ మీద దెబ్బ తగిలి, 2006 తరువాత పెద్ద పోటీల్లో కనిపించలేదు. అప్పుడు అవే ఫోటోలు చూసి, రెండు మోచేతులూ భుజాల కన్నా పైకి లేచాయి, అదే తప్పు అన్నారు. అలాగే మోచేతులు లేపే క్రిస్ సేల్ 2020లో టామీ జాన్ ఆపరేషన్ చేయించుకున్నమాట నిజమే. కానీ 2024లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ బహుమతి గెలిచాడు. ఒక్క ఫోటోతో తేలే విషయం కాదిది.

ఒక సంగతి మాత్రం తేలిపోయింది. దెబ్బ తగిలిన చోటును కాపాడుకోవడానికి విసిరే తీరు మార్చుకుంటే మరో చోట దెబ్బ తగులుతుంది. 1934లో 30 ఆటలు గెలిచిన డిజీ డీన్‌కు 1937 ఆల్ స్టార్ ఆటలో బంతి తగిలి కాలివేలు విరిగింది. అది మానకముందే మైదానంలోకి వచ్చి, వేలి మీద బరువు పడకుండా విసరడం మొదలుపెట్టాడు. భుజం పాడైంది. వేలు మానింది గాని, మునుపటి చెయ్యి తిరిగి రాలేదు.

బంతి పట్టేవారి గురించి రెండు మాటలు. పాత ఫోటోల్లో క్యాచర్ గ్లౌజు లేని చేతిని విప్పి గ్లౌజు పక్కనే పెట్టి ఉంటాడు. బ్యాటు అంచుకు తగిలిన బంతి ఆ వేళ్లనే విరగ్గొట్టేది. పాతకాలపు క్యాచర్ల వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకరలు పోయి ఉండేవి. 1960ల చివర జానీ బెంచ్ వంటివారు మడత పడే గ్లౌజుతో ఒక్కచేత్తో పట్టి, రెండో చెయ్యిని వెనక దాచుకోవడం వాడుకలోకి తెచ్చారు. ఇక్కడ కొత్త కార్డు చూడటమే మేలు. 1971 నాటి థర్మన్ మన్సన్ కార్డులో దుమ్ము రేగుతుండగా, పరుగెత్తి వచ్చి జారినవాణ్ణి ఆయన ప్లేట్ దగ్గర బంతితో తాకుతుంటాడు. చాలా అందమైన కార్డు. అయితే ఆ రోజుల్లో క్యాచర్ ప్లేటుకు అడ్డంగా నిలబడటం, పరుగెత్తేవాడు అతన్ని గుద్దడం వీరత్వం అనిపించుకునేవి. 2011లో బస్టర్ పోజీ అనే క్యాచర్‌కు అలాంటి గుద్దులో కాలు విరిగాక, 2014లో వాటిని చాలావరకు నిషేధించారు. తల ముందుకు పెట్టి దూకి బేస్ అందుకోవడం పీట్ రోజ్‌కు పేరు తెచ్చిన పని, ఫోటోకు అంతకన్నా అందమైనది లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లల లిటిల్ లీగ్ ఆటల్లో మాత్రం ముందు బేస్‌కు వెళుతూ అలా దూకితే అవుటు.

చివరగా కార్డు ఎన్నటికీ చూపించలేనిది ఒకటి ఉంది. ఫోటోలో ఉన్నది ఆ రోజు విసిరిన ఎన్నో బంతి? మూడోదా, నూట మూడోదా? అలసిన పిచ్చర్ మోచెయ్యి కిందికి జారుతుంది, ఒళ్లు ముందే తెరుచుకుంటుంది, మంచి పద్ధతి ఉన్నవాడు కూడా చెడ్డవాడవుతాడు. అందుకే లిటిల్ లీగ్ వారు 2007లో పాత లెక్క మార్చి, రోజుకు ఇన్ని బంతులే విసరాలని గీత గీశారు: తొమ్మిది, పదేళ్ల పిల్లలకు 75, పదకొండు, పన్నెండేళ్లవారికి 85, పదమూడు నుంచి పదహారేళ్ల వరకు 95. ఎక్కువ విసిరినవాడు తరువాత కొన్ని రోజులు విశ్రాంతి తీసుకోవాలి. కాబట్టి అక్కడి మైదానాల్లో కంచె పక్కన కూర్చుని ఎవరో ఒకరు కాగితం మీద ఒక్కొక్క బంతికీ ఒక్కొక్క గీత గీస్తుంటారు. మీ పిల్లవాడు సాయంత్రం వీధి చివర ఫాస్ట్ బౌలింగ్ చేస్తుంటే, గోడ మీద బొగ్గుతో అలా గీతలు గీయడానికి ఖర్చేమీ లేదు.